బీచుపల్లి ఒడ్డున వేపజిగురు



హైదరాబాదు నుండి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద ప్రయాణము చేసినవారికి బీచుపల్లి తెలియకుండా ఉండదు. పెబ్బేరు దాటి కొంతదూరము పోగానే కృష్ణానది అడ్డము వస్తుంది. బస్సు వంతెన ఎక్కిందంటే నిద్రలో ఉన్నవారు కూడా లేచి కిటికీలోనుండి తొంగి చూస్తారు. కొందరు రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలోకి విసురుతారు. ఇవతలి ఒడ్డు వనపర్తి జిల్లా, అవతలి ఒడ్డు జోగులాంబ గద్వాల జిల్లా. 2016 వరకు రెండూ ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాయే గనుక మా నోట ఇంకా పాలమూరు అనే వస్తుంది. అవతలి ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉన్నది. దూరపు వారికి ఈ ఊరు తెలిసినది ఆ గుడివలననే. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనము. మామూలు దినములలో మాత్రము ఊరు చిన్నది, రేవు నెమ్మదియైనది.

మేము వెళ్ళినది బాప్తిస్మముల కొరకు. మన ప్రాంతపు మెన్నొనైట్ బ్రదరన్, బాప్టిస్టు సంఘములలో నీట ముంచియే బాప్తిస్మమిస్తారు గనుక, ఊరి చెరువు అడుగంటినప్పుడు నదికి పోవలసినదే. ఫిబ్రవరి నెల. సంఘము వారు రెండు ట్రాక్టర్లలో బయలుదేరారు. మేమిద్దరము, మా కూతురి కొడుకు గద్వాలలో బస్సెక్కి ఎర్రవల్లి చౌరస్తాలో దిగి అక్కడినుండి ఆటోలో పోయాము. మోకాళ్ళ నొప్పులవారికి ట్రాక్టరు పనికిరాదు.

బాప్తిస్మమునకు తొమ్మిది పేర్లు వ్రాసుకొన్నారు. నీళ్ళలో దిగినది ఎనిమిదిమంది. తొమ్మిదవ పేరు మా మనుమనిది. రెండు వారముల క్రిందట వాడే వెళ్ళి తన పేరు కొట్టివేయించుకొన్నాడు.

సంగతి ఏమనగా, వాడు పదవ తరగతి. సండే స్కూలులో ఆదికాండము పాఠము జరుగుచుండగా లేచి ఒక ప్రశ్న అడిగాడు. చెట్టు బంకలో చిక్కి గట్టిపడిపోయిన సాలెపురుగు బొమ్మను ఏదో పుస్తకములో చూశాడట. అది చచ్చి తొమ్మిది కోట్ల ఏండ్లకు పైనే అయినదని దాని క్రింద వ్రాసియున్నదట. "ఆదాము తప్పు చేసినంకనే సావొచ్చిందంటిరి గద సార్, మరి గా పురుగు అంతకు ముందు ఎట్ల సచ్చింది?" అన్నాడు. చెప్పేవారికి కోపము వచ్చింది. ఇది సాతాను అడిగించే ప్రశ్న అని పదిమందిలో అని కూర్చోబెట్టారు. వారు మంచివారే, ఎన్నో ఏండ్లుగా పిల్లలకు జీతము లేని సేవ చేస్తున్నవారు. కాని ఆ మాట పడ్డ తరువాత వాడు మూడు ఆదివారములు గుడిలో అడుగు పెట్టలేదు. బీచుపల్లికి కూడ మా సంచులు మోయడానికి వచ్చాడేగాని ఆరాధనకు కాదు.

మేము చేరేసరికి ఇంకా ఎండ రాలేదు. రేవు ప్రక్కన రెల్లు దుబ్బుల మధ్య, తుమ్మ కొమ్మల మధ్య సాలెగూళ్ళు మంచు పట్టి తెల్లగా కనబడుతున్నాయి. మాలో ఒకరి పుట్టిల్లు గద్వాల. మగ్గాల చప్పుడులో పెరిగినవారు గనుక అక్కడ నిలబడి చూశారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు కొంగు పట్టు. రెంటినీ ఒకదానిలో ఒకటి పోగు మెలివేసి అతుకు కనబడకుండా కలుపుతారు. ఈ పురుగుకు మన పెద్దలు పెట్టిన పేరులోనే సాలె ఉన్నది, అంటే నేతవాడు. ఇది కూడ రెండు రకముల దారము వాడుతుంది. ఆకులకు లాగి కట్టే నిలువు పోగులు పొడిగా ఉంటాయి, చుట్టూ తిప్పే పోగుకు జిగురుంటుంది. వీటిలో చాలా జాతులు పాతబడిన గూటిని తామే తిని, మరల క్రొత్తది నేస్తాయి. యెషయా ప్రవక్త ఈ నేత బట్టకు పనికిరాదని చెప్పాడు, యోబు గ్రంథములో బిల్దదు ఈ ఇంటిని నమ్ముకొన్నవాడు పడిపోవునన్నాడు. సామెతలలో రాజుల ఇండ్లలో ఉండే చిన్న ప్రాణిని మన తెలుగు బైబిలు బల్లి అంటుంది, పాత ఇంగ్లీషు బైబిలు మాత్రము సాలెపురుగు అంటుంది. మనుమడు ఈ ఒక్క మాటకు మాత్రము తలెత్తాడు.

బాప్తిస్మములు అయినవి. పాటలు, ప్రార్థన అయినవి. ఆ వివరము సంఘవార్తలలో వస్తుంది గనుక ఇక్కడ వ్రాయము. వంట చేసేవారు పొయ్యి రాళ్ళు సర్దుకొనుచుండగా మేము వేపచెట్టు క్రింద చాప పరచుకొన్నాము. ఆ చెట్టు మానుకు ఎవరో గొడ్డలిగాట్లు పెట్టియున్నారు. గాట్ల వెంబడి జిగురు కారి, గోలీకాయలంత ముద్దలుగా గట్టిపడి ఎండకు మెరుస్తున్నది. వాడు మాతో మాట్లాడకుండా ఆ జిగురు గీకుచు కూర్చున్నాడు. కొంతసేపటికి, "తాతా, దీంట్ల ఒకటి వడ్డది సూడు" అన్నాడు.

చూస్తే నిజమే. జొన్నగింజంత సాలెపురుగు. గోడల మీద గెంతుచు ఈగలను పట్టే రకము. నాలుగు కాళ్ళు లోపల మునిగి, తక్కినవి పైకి ముడుచుకొనియున్నవి. వాడు దానిని అరచేతిలో పెట్టుకొని, "గిట్లనే ఉంచితే గిది గూడ రాయైతదా?" అని అడిగాడు. మూడు వారములలో మమ్మును వాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

కాదు అని చెప్పాము. మాలో ఒకరు చాలాకాలము బడిలో సామాన్యశాస్త్రము చెప్పినవారు. నోటితో చెప్పేకంటే చేసి చూపడము మంచిదని, పురుగు లేని ముద్ద ఒకటి తీసి స్టీలు గ్లాసులో నీళ్ళుపోసి అందులో వేయించాము. వేపజిగురు గాని తుమ్మజిగురు గాని నీటికి కరుగుతుంది. తుమ్మజిగురు నానబెట్టి పుస్తకములకు అట్టలు అంటించుకొన్నవారికి ఈ సంగతి తెలుసు. నాలుగు వానలు పడితే అది మట్టిలో కలిసిపోతుంది, దానితో పురుగు కూడ పోతుంది. కాని కొన్ని చెట్లు కార్చేది వేరు. గుగ్గిలము తీసుకోండి, దేవదారు జాతి చెట్ల బంక తీసుకోండి. నీళ్ళలో ఏడాది ఉంచినా కరగవు. నిప్పుమీద వేస్తే వాసనగల పొగ వస్తుంది. అటువంటి బంక మట్టిలోనో సముద్రపు ఒండ్రులోనో పూడిపోయి లక్షలు, కోట్ల ఏండ్లు ఉంటే, అందులోని ఆవిరయ్యే నూనెలు పోయి, మిగిలినది తనలో తాను ముడివేసుకొని రాయివలె గట్టిపడుతుంది. దానినే అంబరు అంటారు. సంస్కృతములో తృణమణి అన్నారు, గడ్డిపోచను లాగే మణి అని. ఉన్నిగుడ్డతో రుద్దితే నిజముగానే చిన్న కాగితపు ముక్కలు వచ్చి అంటుకొంటాయి. గ్రీకువారు దీనిని ఎలెక్ట్రాన్ అన్నారు. మనము కరెంటుకు వాడే ఎలక్ట్రిసిటీ అనే మాట ఆ పేరులోనుండి పుట్టినదే. యెహెజ్కేలు చూచిన దర్శనములో అగ్ని మధ్యనున్న కాంతిని పాత ఇంగ్లీషు బైబిలు అంబరుతో పోల్చింది, మన తెలుగు బైబిలు అపరంజితో పోల్చింది. రంగు చూచినవారికి రెండు మాటలూ సరిపోతాయి.

"మరి గీడ దొరకదా?" అన్నాడు వాడు నది వైపు చూపి.

బీచుపల్లిలో దొరకదు. ఇక్కడ కృష్ణలో కనబడే బండలన్నీ నల్లగ్రానైటు, ఎర్రగ్రానైటు జాతివి. భూమి లోపల కరిగిన ద్రవము చల్లారి ఏర్పడినవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లని భూగర్భశాస్త్రము చెబుతుంది. అంత వేడిలో పుట్టిన రాతిలో పురుగు ఆనవాలు ఎట్లా ఉంటుంది? శిలాజములు కావాలంటే కృష్ణ దాటి దక్షిణముగా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలకు పోవాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ అధికారి, ఆయన కుమారుడు ఆ గుహలు త్రవ్వించి పాతకాలపు జంతువుల ఎముకలు తీశారు. ఈ ఫుట్‌గారు తమిళదేశములో పనిచేసిన మిషనరీ పీటర్ పెర్సివల్‌గారి అల్లుడు. లేదా గోదావరి ప్రాంతమునకు పోవాలి. అక్కడి కోట రాతిపొరలలో దొరికిన పెద్ద రాక్షసిబల్లి అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో నిలబెట్టారు. కాని అవి ఎముకలు. సాలెపురుగుకు ఎముక లేదు. మెత్తని ఒళ్ళు, వెంట్రుకవంటి కాళ్ళు రాతిలో నిలవడము అరుదు. బంకలో అయితే కాలి గోరు, కంటి గుండ్లు, ఒంటిమీది నూగు కూడ చెడకుండా నిలిచిపోతాయి. లోపల మాంసము చాలామట్టుకు ఎండిపోయి ఉంటుంది. 1990లలో అంబరు పురుగులలోనుండి జీవపదార్థము తీశామని కొందరు ప్రకటించారు, 1993లో సినిమా కూడ వచ్చింది. తరువాత ఎవరు పరీక్షించినా ఆ ఫలితము రాలేదు. కాబట్టి రాక్షసిబల్లులు తిరిగి లేస్తాయని పిల్లలు భయపడనక్కరలేదు.

మన దేశములో అంబరు దొరికిన ముఖ్యస్థలము గుజరాతు. సూరతు జిల్లా వస్తాన్ అనే చోట లిగ్నైటు బొగ్గు గనిలో అది దొరికింది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయము, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, మరికొందరు కలిసి 2010లో దాని సంగతి ప్రచురించారు. 5 కోట్ల ఏండ్లకు పైబడిన ఆ బంకలో 700కు పైగా కీళ్ళ కాళ్ళ జీవులు, అనగా పురుగులు, వాటి చుట్టాలు దొరికినవి. ఆ బంక ఏ చెట్టుదో రసాయన పరీక్షలో తేలింది. మన గుగ్గిలపు చెట్టు కుటుంబమునకు చెందినదట. మన ఇండ్లలో దోమలకు పొగవేసే గుగ్గిలమునకు ఆ అంబరు ముత్తాత వరుస అవుతుందన్నమాట. ఈ వరుస చెప్పేసరికి వాడు నవ్వాడు.

ఇంతలో భోజనములు వడ్డించారు. అన్నము, పప్పు, మాంసము కూర. తినుచు తినుచు మిగతాది చెప్పాము. నిజానికి మేము చెప్పదలచినది ఇదే.

అంబరుకు ప్రపంచములో పేరుపొందిన చోటు బాల్టిక్ సముద్రతీరము. ఇప్పటి పోలండు, రష్యా దేశములవారి ఒడ్డు. అంబరు నీటికంటే కొంచెమే బరువు గనుక ఉప్పునీటి తుపానులు దానిని అడుగునుండి లేపి ఒడ్డున పారవేస్తాయి. జాలర్లు వలలతో ఏరేవారు. పాతకాలములో సెలవు లేకుండా ఏరినవారిని అక్కడి పాలకులు కఠినముగా శిక్షించేవారు. ఆ తీరములో విస్తులా నది సముద్రములో కలిసే చోట డాన్జిగ్ పట్టణము, ఇప్పుడు గ్డాన్‌స్క్ అంటారు. 1500లలో హాలండులో హింసలు పడలేక పారిపోయి వచ్చిన మెన్నొనైటు విశ్వాసులు ఆ పట్టణము చుట్టుప్రక్కలనే స్థిరపడ్డారు. బురదనేలకు గట్లు కట్టి, నీరు తోడి, సేద్యమునకు తెచ్చారు. కత్తి పట్టమన్నందున, ఒట్టు పెట్టుకోమన్నందున అక్కడ కూడ ఇబ్బందులు వచ్చి, 1789 నుండి వారిలో చాలామంది రష్యా చక్రవర్తిని పిలుపు మీద దక్షిణముగా ఇప్పటి ఉక్రెయిను ప్రాంతమునకు తరలిపోయారు. అక్కడ 1860లో మెన్నొనైట్ బ్రదరన్ సంఘము పుట్టింది. ఆ సంఘమునుండే అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు 1889లో మన దేశమునకు వచ్చి నల్లగొండలో సేవచేశారు. 1899లో అమెరికా శాఖ తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాదుకు వచ్చారు. తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి క్షేత్రములు తెరిచారు. గద్వాల, మహబూబ్‌నగర్ మొదట అమెరికన్ బాప్టిస్టు మిషను చేతిలో ఉండి 1937లో వీరికి వచ్చినవి. ఆ రైతుల పూర్వికులు అంబరు ఏరారని మేము చెప్పడము లేదు. కాని ఈ దినమున కృష్ణలో ఎనిమిదిమందిని ముంచిన ఆ పద్ధతి, అంబరు తీరమునుండి బయలుదేరి ఊరూరు తిరిగిన జనము చేతులమీదుగా మన దాకా వచ్చినది.

ఆ డాన్జిగ్‌లోనే గియోర్గ్ కార్ల్ బెరెంట్ అనే వైద్యుడు అంబరు పురుగులను సేకరించేవాడు. ఆయన 1850లో చనిపోయాడు. ఆయన దగ్గరి సాలెపురుగులను కార్ల్ లుడ్విగ్ కోఖ్ అనే జర్మను అటవీ ఉద్యోగి వర్ణించి వ్రాశాడు. డాన్జిగ్ బడిపంతులు ఆంటోన్ మెంగే దానికి టిప్పణులు చేర్చగా 1854లో పుస్తకము వెలువడింది. అందులో ఒకటి విచిత్రమైనది. కొంగమెడవలె పొడవైన మెడ, ముక్కువలె క్రిందికి వ్రేలాడే పొడవైన కోరలు. అటువంటిది బ్రతికియున్నట్లు అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ జాతి నశించినదే అనుకొన్నారు. 27 ఏండ్లు గడిచినవి. 1881లో మడగాస్కరు దీవినుండి ఇంగ్లండుకు చేరిన నమూనాలలో దాని చుట్టము ఒకటి కనబడింది. దానిని గుర్తించి పేరు పెట్టినవారు రెవరెండ్ ఆక్టేవియస్ పికార్డ్-కేంబ్రిడ్జ్‌గారు. ఆయన ఇంగ్లండులో డార్సెట్ ప్రాంతపు బ్లాక్స్‌వర్త్ అనే పల్లెకు 1868 నుండి 1917లో చనిపోయేవరకు గురువు. దాదాపు 50 ఏండ్లు ఒక్క పల్లె సంఘమును కాచి, ప్రక్కగా ప్రపంచమంతటి సాలెపురుగులను చదివాడు. ఆ కొంగమెడ సాలెపురుగు ఇతర సాలెపురుగులనే తింటుంది. పొడవైన కోరలతో వాటిని తనకు దూరముగా ఎత్తిపట్టుకొంటుంది, కాటు పడకుండా. 2018లో మడగాస్కరులోనే ఇంకా 18 క్రొత్త జాతులను వర్ణించారు.

"ఫాదరా? సాలెపురుగులు సదివెటోడా?" అని వాడు రెండుసార్లు అడిగాడు.

మన దగ్గరి కథ కూడ ఒకటి ఉన్నది, అంబరుది కాదు గాని ఇటువంటిదే. బీచుపల్లి నుండి ఇదే రోడ్డున కర్నూలు దాటి పోతే గుత్తి వస్తుంది. 1899లో, హీబర్టుగారు హైదరాబాదులో దిగిన ఆ సంవత్సరమే, గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలిరంగు పెద్ద సాలెపురుగును పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. నెమలికంఠము రంగు. ఆ తరువాత నూరేండ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవిలో మరల దొరికింది. దాని ఇల్లు గుత్తి కానేకాదు, రైలెక్కిన మొద్దులతో అక్కడికి చేరియుంటుంది. పాత చెట్ల తొర్రలలో ఉంటుంది, ఆ చెట్లు పోతే అదీ పోతుంది. ఇంత అందమైనదానిని విదేశములలో పెంచుకోవడానికి అమ్ముతారు గనుక 2019లో దాని జాతినంతటిని అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల పట్టికలో చేర్చారు. మనవారు మాత్రము కనబడగానే చెప్పుతో కొడతారు.

ఇక వాడు పుస్తకములో చూచిన సాలెపురుగు సంగతి. తొమ్మిది కోట్ల ఏండ్లకు పైనే అన్నాడు గనుక అది బర్మా అంబరు అయియుండాలి. బర్మా ఉత్తరమున కాచిన్ రాష్ట్రములో హుకాంగ్ లోయలో అది దొరుకుతుంది. ఆ అంబరు చుట్టూనున్న మట్టిలో అగ్నిపర్వతపు రేణువులు ఉన్నవి. వాటిలోని యురేనియము ఒక లెక్క ప్రకారము సీసముగా మారుతుంది. ఎంత మారినదో కొలిచి వయస్సు కడతారు, కొవ్వొత్తి ఎంత కాలినదో చూచి ఎంతసేపు వెలిగినదో చెప్పినట్లు. అలా వచ్చిన లెక్క సుమారు 9 కోట్ల 90 లక్షల ఏండ్లు. అందులో తోకగల సాలెపురుగువంటి జీవి దొరికినదని 2018లో ప్రకటించారు. 2021లో ప్రకటించినది మాకు మరి ఎక్కువ నచ్చినది. ఒక తల్లి సాలెపురుగు. దాని క్రింద గ్రుడ్లసంచి ముక్క, అందులో బయటికి రాబోయే పిల్లలు. బంక కారి మీదపడిన గడియలో కూడ తల్లి సంచిని వదలిపెట్టలేదు. కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకోవడము గూర్చి ప్రభువు యెరూషలేమును చూచి చెప్పిన మాట మాలో ఒకరికి జ్ఞాపకము వచ్చి కండ్లు తడిచినవి.

ఒక మాట ప్రక్కకు వ్రాయాలి. కాచినులలో ఎక్కువమంది క్రైస్తవులు, అందులోను బాప్టిస్టులు. 2017 జూన్‌లో బర్మా సైన్యము ఆ గనుల ప్రాంతముపై పడినప్పుడు వేలమంది ఇండ్లు వదలి పారిపోయారు. ఎందరో గుడులలో తలదాచుకొన్నారు. ఆ అంబరు కొన్న డబ్బు ఎవరి తుపాకులకు పోతున్నదో అని శాస్త్రజ్ఞులలోనే వాదము లేచింది. ఆ రాళ్ళ మీద పరిశోధన ఆపాలని 2020లో ఒక పెద్ద సంఘము కోరింది. పట్టణములలో ఎవరైనా పురుగున్న బర్మా అంబరు పూస చూపి ధర చెబితే, మన పిల్లలు ఈ సంగతి తెలిసి బేరమాడాలి. పైగా అమ్మేవాటిలో ప్లాస్టిక్కువి తక్కువేమీ కాదు.

భోజనమైన తరువాత వాడే మొదటి ప్రశ్నకు వచ్చాడు. మరి చావు ఎట్ల వచ్చింది?

మాకు తోచినది చెప్పాము. పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు పాపమువలన మనుష్యులకు మరణము వచ్చిన సంగతి వ్రాశాడు. సాలెపురుగు సంగతి అక్కడ ఎత్తలేదు. నూట నాలుగవ కీర్తన తీసి చదువు అన్నాము. సింహపు పిల్లలు వేటకొరకు గర్జించుచు దేవునియొద్ద ఆహారమడుగుట అందులో ఉన్నది. కీర్తనకారుడు దానిని తప్పు పట్టలేదు, దేవుని క్రియలలో ఒకటిగా స్తుతించాడు. సింహము తిన్నదంటే ఏదో ఒకటి చచ్చినట్లే గదా. ఆరు దినములను కొందరు విశ్వాసులు ఇరువదినాలుగు గంటల దినములుగానే తీసుకొంటారు, కొందరు యుగములుగా తీసుకొంటారు. మేము రెండవవారితో ఉన్నాము. మన సంఘపు పెద్దలందరు దీనికి ఒప్పుకోరని తెలుసు, వారితో కలిసి బల్లలో పాలుపొందడానికి అది అడ్డు రాలేదు. రాతిలోని లెక్క తప్పైతే రాతిని చూచియే దిద్దుకోవాలి. అడిగిన పిల్లవాని నోరు మూసి దిద్దలేము. ఇది మేము కొంచెము గట్టిగానే అన్నాము.

అంటున్నప్పుడు వెనుక ఎవరో నిలబడినట్లయి తిరిగి చూస్తే సండే స్కూలు చెప్పేవారే. ఎంతసేపటినుండి వింటున్నారో తెలియదు. మాకు మాట ఆగిపోయింది. వారు మాతో ఏమీ అనలేదు. మనుమని ముందు గొంతుకూర్చొని, "ఏదిరా, నాకు చూపియ్యి" అన్నారు.

వాడు కాగితములో చుట్టిన వేపజిగురు ముద్ద తీసి ఇచ్చాడు. వారు కండ్లద్దాలు నొసటిపైకి త్రోసుకొని, ఎండకు ఎత్తిపట్టి చాలాసేపు చూశారు.

"కాళ్ళు ఎనిమిదున్నయా?"

"ఎనిమిదే సార్. నాలుగు లోపల, నాలుగు బయట."

"ఈగకు?"

"ఆరు."

వారు ముద్దను వాని చేతిలో మరల పెట్టి, ట్రాక్టరు వాడు పిలుచుచుండగా లేచిపోయారు.

మేము చాప దులిపి, గిన్నెలు సంచిలో సర్దుకొన్నాము. గ్లాసు సంగతి అప్పుడు జ్ఞాపకము వచ్చింది. పొద్దున నీళ్ళలో వేసిన ముద్ద అంచులు కరిగి మెత్తని జావవలె గ్లాసు అడుగున పరచుకొనియున్నది. వాడు దానిని వ్రేలితో కలిపి చూచి, నీళ్ళు వేపచెట్టు మొదట్లో పోసి, గ్లాసు కడుగడానికి రేవుకు దిగాడు. పురుగున్న ముద్ద మాత్రము చొక్కా జేబులోనే ఉన్నది. తడి తగలకుండా జేబును ఒక చేత్తో పట్టుకొని వంగాడు.